మురికి గీత

ప్రొఫెసరుకు కడుగుడు పిచ్చి. మామూలు పిచ్చి కాదు, ముదిరిపోయిన పిచ్చి. ఇంట్లో తాగిన గ్లాసైనా కడుగుతాడో లేదో దేవుడికెరుక, లాబ్‌లో మాత్రం ట్యూబులో ఉన్నది ఏదైనా సరే, కడిగి, మళ్ళీ కడిగి, తోలు ఊడేదాకా కడగాల్సిందే. తన గది బయట కారిడార్ గోడకు పాత ప్రయోగాల జెల్ బొమ్మలు ఫ్రేములు కట్టించి మరీ తగిలించుకున్నాడు. ఒక్కోదాంట్లో తెల్లటి నేల మీద ఒకే ఒక్క నీలం గీత. పక్కన నలుసు కూడా ఉండదు. వచ్చినవాళ్ళందరినీ ఆ గోడ ముందు నిలబెట్టి, "శుభ్రత అంటే ఇదీ" అనేవాడు. సొంత పిల్లల ఫోటోలైనా అంత మురిపెంగా ఎవరూ చూపించరు.

ఆ గోడ పక్కనుంచి నడిచినప్పుడల్లా మిరపకాయకు ఒళ్ళు మండేది.

మిరపకాయ అంటే ఆ లాబ్‌లో పరిశోధకురాలు. ఆ పేరు పెట్టింది ఆమె బావ. "మా మరదలు మిరపకాయ, కొరికారో మీ కర్మ" అని ఎవరితోనో అన్నాడు. అది ఆ నోటా ఈ నోటా లాబ్ దాకా వచ్చి స్థిరపడింది. మనిషి సన్నం, మాట ఘాటు, కోపం ముక్కుమీదే కాపురం ఉంటుంది. కోపం ఊరికే పుట్టలేదు. ఆమె కూర్చునే బల్ల దగ్గరే, అదే అయస్కాంతపు స్టాండు ముందు, కొన్నేళ్ళ కిందట ఆమె సొంత అక్క కూర్చునేది. "నీ చేతులు శుభ్రమైన పనికి పనికిరావమ్మాయ్" అని అక్కను చదువు మధ్యలో సాగనంపినవాడు ఈ ప్రొఫెసరే.

ఆ మాట గాలిలో ఊరంతా తిరిగింది. ఇంకే లాబూ తలుపు తీయలేదు. అక్క ఇప్పుడు ఒక రక్తపరీక్షల సెంటర్లో సూది గుచ్చి రక్తం తీస్తోంది. ఒకరికీ ఇంకొకరికీ మధ్య చేతులు కడుక్కోవడం అక్కడ రూలు. అక్క రూలుకు మించి కడుక్కుంటుంది. ఎంతగా అంటే వేళ్ళ కణుపుల దగ్గర చర్మం పగిలి ఎర్రగా చీరుకుపోయి ఉంటుంది. బావ నెలనెలా ఏదో ఒక క్రీము డబ్బా తెచ్చి ఆమె దిండు పక్కన పెడతాడు. ఎందుకు అంతగా రుద్దుకుంటావని ఎవరూ అడగరు, ఎందుకో అందరికీ తెలుసు.

మరి అక్కను తరిమినచోటికే చెల్లెలు ఎందుకు పోయింది అంటే, ఆ పని చేసే లాబ్ దగ్గర్లో అదొక్కటే. అదొక కారణం. రెండోది మొండితనం. అక్క చూసినదేదో తనూ చూడాలి.

పని సంగతి చెప్పుకోవాలి. ఒంట్లో ప్రతి కణానికీ చుట్టూ పల్చటి కొవ్వు పొర ఉంటుంది. ఆ పొరలో గుంజలు దిగ్గొట్టినట్టు రిసెప్టర్లు ఉంటాయి. బయటినుంచి వచ్చిన కబురు అందుకుని లోపలికి చేరవెయ్యడం వాటి పని. వీళ్ళు చూసేది కిడ్నీ కణాల మీది రిసెప్టర్. ఒంట్లో నీళ్ళు తగ్గాయి, బయటికి పోనివ్వకండి అన్న కబురు అందుకునేది అదే. మరి అందుకున్న కబురును లోపల ఎవరి చెవిన వేస్తుంది, దాని చెయ్యి పట్టుకుని ఉన్న ప్రోటీన్ ఏది? తెలియాలంటే రిసెప్టర్‌ను పొరలోంచి ఊడదియ్యాలి, పట్టుకున్న చెయ్యి మాత్రం విడిపోకూడదు. చిక్కంతా అక్కడే. కొవ్వు కరగాలంటే సబ్బు వెయ్యాలి. ఘాటు సబ్బు వేస్తే పొర కరుగుతుంది, దాంతోపాటు చేతులూ విడిపోతాయి. మెత్తటి సబ్బు వేస్తే చేతులు విడిపోవు గానీ, పిలవని పేరంటానికి వచ్చినట్టు అడ్డమైన చెత్తా వెంట తగులుకుంటుంది.

అలా కరిగించిన నీళ్ళలోకి కంటికి ఆనని ఇనప పూసలు వేస్తారు. పూసలకు యాంటీబాడీ అతికించి ఉంటుంది, అది రిసెప్టర్‌ను గాలంలా పట్టుకుంటుంది. ట్యూబును అయస్కాంతం పక్కన పెడితే పూసలన్నీ గోడకు అంటుకుంటాయి. నీళ్ళు లాగి పారబోసి, కొత్త నీళ్ళు పోసి కడుగుతారు. చివరికి పూసల మీద మిగిలినదాన్ని మరగబెట్టి జెల్ మీద పరిగెత్తించి రంగు వేస్తే, ఒక్కో ప్రోటీనూ ఒక్కో గీతగా తేలుతుంది. లావుపాటి గీత రిసెప్టర్. దాని పక్కన ఇంకేదైనా గీత ఉంటే, అది చెయ్యి పట్టుకుని వచ్చిన చుట్టమైనా కావాలి, అంటుకుని వచ్చిన చెత్తయినా కావాలి. తేల్చుకోవడానికి ఒక దారి ఉంది. రిసెప్టర్ లేకుండా చేసిన కణాలతో ఇదంతా మళ్ళీ చెయ్యాలి. అప్పుడూ గీత వస్తే చెత్త. రాకపోతే చుట్టం.

అక్క అప్పట్లో ఒక గీత చూసింది. ఆ రిసెప్టర్ లేని కణాలు ఇమ్మని ప్రొఫెసరును అడిగింది కూడా. "మురికికి పరీక్షలు దండగ" అని ఆయన అవి ఉన్న ఫ్రీజరు తాళం ఇవ్వలేదు.

ఇప్పుడు మిరపకాయ జెల్‌లో కూడా ఒక గీత వచ్చింది. లావు గీతకు కాస్త కింద, వెంట్రుకవాసి మందాన. ప్రొఫెసరు బొమ్మను వెలుతురుకు పట్టి చూసి మూతి ముడిచాడు.

"ఏంటమ్మాయ్ ఈ మురికి?"

"మురికో కాదో చూడాలి కదా సార్."

"చూడటానికేముంది. కడగడం రానివాళ్ళకి మురికే మిగులుతుంది. కడిగే నీళ్ళలో ఉప్పు పెంచు, ఘాటు సబ్బుతో మళ్ళీ కడుగు. మీ అక్కకి చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది, నీకూ చెప్పమంటావా?"

మిరపకాయ బొమ్మను ఆయన చేతిలోంచి తీసుకుంది.  కోల్డ్‌రూమ్‌లోకి పోయి తలుపేసుకుంది. లోపల ఫ్యాను హోరు, చలికి ముక్కు కారుతోంది, వేళ్ళు కొయ్యబారుతున్నాయి. ఆయన చెప్పినట్టే ఉప్పు పెంచింది, ఘాటు సబ్బుతో కడిగింది. కడిగిన నీళ్ళు సింకులో పొయ్యబోతూ ఆగిపోయింది. తెలివొచ్చి ఆగలేదు, ఒళ్ళుమండి ఆగింది. పారబోసేదాంట్లో ఏం బంగారం పోతోందో చూస్తాను, వీడి శుభ్రత తగలెయ్య, అనుకుంది.

కడిగిన నీళ్ళను ఎవరూ జెల్ మీద పరిగెత్తించరు. గిన్నెలు కడిగిన నీళ్ళు ఎవరైనా దాచుకుంటారా. మిరపకాయ దాచింది. ఆ నీళ్ళలో ఉన్న కాస్త ప్రోటీన్‌నూ అడుక్కి దింపి, కడిగిన పూసల పక్కనే జెల్‌లో పోసింది. మర్నాడు రంగు ఎక్కాక చూస్తే పూసల వరసలో లావు గీత ఒక్కటే ఉంది, పాలలాంటి తెలుపు మీద, ఫ్రేము కట్టించుకోవడానికి సిద్ధంగా. కడిగిన నీళ్ళ వరసలో ఆ సన్న గీత ఉంది. మొత్తం అక్కడే ఉంది. ఇన్నేళ్ళుగా ఆ లాబ్‌లో అందరూ వెతుకుతున్నది రోజూ సింకులోకే పోతోంది.

ఆపైన చెయ్యాల్సినవన్నీ ప్రొఫెసరుకు చెప్పకుండా చేసింది. మెత్తటి సబ్బు తీసుకుంది, ఉప్పు తగ్గించింది, ఐసు మీదనుంచి చెయ్యి తియ్యకుండా, పిపెట్‌తో గబగబా లాగకుండా, పసిపిల్ల నోరు తుడిచినంత నెమ్మదిగా కడిగింది. గీత నిలిచింది. ఫ్రీజరు తాళం స్టోర్ మనిషిని బతిమాలి తెచ్చి, రిసెప్టర్ లేని కణాలతో చేసింది. గీత రాలేదు. చివరికి ఆ సన్న గీత ఏ ప్రోటీనో తేల్చుకుని, గాలం తిప్పి వేసింది. రిసెప్టర్‌ను కాకుండా ఆ సన్న గీత ప్రోటీన్‌నే పట్టుకుని లాగితే, రిసెప్టర్ దాని వెంట వచ్చింది. ఇక వాదన లేదు. అది చుట్టమే, దగ్గరి చుట్టం.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి బావ కింద తన హెయిర్ కటింగ్ షాపులో ఎవరి గడ్డమో గీస్తున్నాడు. ఇల్లు ఆ షాపు మీదే, రెండు గదులు. "ఏం మరదలా, ముఖం వెలిగిపోతోంది, ఎవర్ని తిట్టొచ్చావేంటి?" అన్నాడు అద్దంలోంచే. మిరపకాయ గబగబా మెట్లెక్కింది.

అక్క మంచం మీద ఉతికిన బట్టలు మడత పెడుతోంది. మిరపకాయ చెప్పులు కూడా విప్పకుండా చెప్పేసింది. కడిగిన నీళ్ళ సంగతి, మెత్తటి సబ్బు సంగతి, అన్నీ. అక్క చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది.

"ఎక్కడుందే గీత?"

"పెద్దగీతకి కింద. గోరంత ఎడం."

"రంగు వెయ్యగానే కనపడదు కదా. అన్నీ ఎక్కాక, ఇక లేదులే అనుకున్నాక, చివర్లో ఎక్కుతుంది."

"అవునక్కా. చివర్లోనే."

అక్క చొక్కాను పక్కన పెట్టింది. ఏడుస్తుందనుకుంది మిరపకాయ. అక్క ఏడవలేదు. తన చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చూసుకుంది.

"ఇన్నేళ్ళూ వీటిని వాసన చూసుకున్నానే నేను," అంది. "అన్నం కలిపేముందు కూడా. ఏదో అంటుకునే ఉందని. వాడు ఒక్క తాళంచెవి ఇచ్చుంటే ఆ రోజే తేలిపోయేది."

కోపం అంటే తనకే తెలుసనుకునేది మిరపకాయ. అక్క గొంతులో ఆ రోజు విన్నది వేరే రకం. అరుపు లేదు, తిట్టు లేదు. వింటుంటే భయం వేసింది.

బావ షాపు మూసి పైకొచ్చి, సంగతంతా విని, గోడకు ఆనుకుని కూర్చున్నాడు.  "ఆ పెద్దమనిషి ఎప్పుడైనా మన షాపుకొస్తే చెప్పండి. కత్తి బాగా పదును పెట్టుంచుతా," అన్నాడు.

"నోరు ముయ్యి," అంది అక్క. కానీ కాస్త నవ్వింది.

"గీత నీది. పరిశోధన అచ్చేసే కాయితం మీద ముందు నీ పేరే ఉండాలి, నాది కాదు," అంది మిరపకాయ. "అడుగుతాను."

"ఇవ్వడే. అనవసరంగా నీ పని పోగొట్టుకోకు."

మిరపకాయ అడిగింది. ముందు బొమ్మలన్నీ బల్లమీద పరిచింది. ప్రొఫెసరు కళ్ళద్దాలు పైకి నెట్టి, దించి, మళ్ళీ నెట్టి చూశాడు. ముఖంలో రంగులు మారాయి. సింకులో పారబోయించింది తనే అన్న సంగతి ఆయనకు తట్టిందో లేదో గానీ, తట్టినట్టు మాత్రం కనిపించలేదు.

"నేను మొదట్నించీ అనుకుంటూనే ఉన్నా, ఇక్కడేదో ఉందని," అన్నాడు.

 సిగ్గూ శరం ఉన్న మనిషి అనే మాటేనా అది.

"బాగా చేశావమ్మాయ్. రాసేద్దాం. ముందు పేరు నీదే."

"మా అక్కది ఉండాలి సార్ ముందు. మొదట చూసింది తను. ఆ కణాలివ్వమని అడిగింది కూడా తనే."

ప్రొఫెసరు కుర్చీలో వెనక్కి వాలాడు. చాలా ఓపిగ్గా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "చూడు. మీ అక్క చూసింది మురికిని. నువ్వు చూసింది ప్రోటీన్‌ని. తేడా లేదూ?"

"రెండూ ఒకటే గీత సార్. మురికని పేరు పెట్టింది మీరు."

"ఎవరికీ గుర్తులేని పాత సంగతులు తవ్వకు. కావాలంటే చివర్లో కృతజ్ఞతలు అని చిన్నక్షరాల్లో ఒక లైను పెట్టిద్దాం. నీ పేరు ముందుంటే నీ జీవితం ఎక్కడికో పోతుంది. ఆలోచించుకో."

ఆలోచించుకోవడానికేముంది. చిన్నక్షరాల్లో కృతజ్ఞత అట. గొంతు కోసి, గాటు మీద అత్తరు పూసినట్టుంది. మిరపకాయ బొమ్మలన్నీ ఏరుకుని సంచీలో పెట్టుకుంది. "అక్క పేరు ముందు లేకపోతే నా పేరసలు వద్దు," అని బయటికొచ్చింది.  పని పోతుందేమో అన్న భయం కూడా ఉంది, లేదంటే అబద్ధం. భయం కంటే మంట ఎక్కువగా ఉంది, అంతే.

పని పోలేదు. ప్రొఫెసరుకు ఇంకో అవసరం పడింది. రిసెప్టర్ల పనిలో తలపండిన పెద్దావిడ ఒకరుంది. ఒకప్పుడు ప్రొఫెసరుకే పాఠం చెప్పిన మనిషి. ఇంత పెద్ద మాట బయటపెట్టే ముందు ఆవిడ తన లాబ్‌లో చేయించి చూసి ఔనంటేనే ఎవరైనా నమ్ముతారు. ప్రొఫెసరు ఫోన్ చేసి పద్ధతి చెప్పాడు. ఆవిడ మనుషులు చేశారు. గీత రాలేదు. మళ్ళీ చేశారు. రాలేదు.

ప్రొఫెసరు మిరపకాయను పిలిపించాడు. ఫోను చేతిలోనే ఉంది, అవతల పెద్దావిడ వింటోంది. ఆయన ఫోను మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు గానీ సరిగ్గా పెట్టలేదు.

"ఏం చేశావు నువ్వు? వాళ్ళకి రావట్లేదు. నీ బొమ్మలో ఉన్నది మురికే అయ్యుంటుంది. మీ ఇంటి చేతులే అంత. అక్కవీ అంతే, చెల్లెలివీ అంతే."

మిరపకాయ ఒక అడుగు ముందుకేసి ఆయన చేతిలోంచి ఫోను లాక్కుంది. తర్వాత ఎప్పుడు తల్చుకున్నా ఆ ధైర్యం ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

"మేడమ్, చివర్లో దేంతో కడిగారు?"

"మీ సార్ చెప్పినట్టే అమ్మా. అన్నీ మెత్తటి సబ్బుతో అయ్యాక, బొమ్మ శుభ్రంగా వస్తుందని ఘాటుదాంతో ఒక్కసారి."

మిరపకాయ ప్రొఫెసరు ముఖంలోకి చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. పద్ధతి అంతా సరిగ్గానే చెప్పాడు మహానుభావుడు. ఆ బొమ్మలో నాలుగు నలుసులున్నాయని మనసొప్పక, చివర్లో తన కడుగుడు ఒకటి అతికించాడు. కుక్క తోక వంకర అని ఊరికే అన్నారా.

"ఆ చివరిది మానేసి చూడండి మేడమ్," అంది.

"మానేసి చేయించడం కాదమ్మా, నా కళ్ళతో చూస్తాను. అక్కడికే వస్తున్నా," అంది పెద్దావిడ. "ఇందాక మీ సార్ అన్నది నాకూ వినపడింది. మీ అక్కెవరు?"

ఇంటికొచ్చి జరిగింది జరిగినట్టు చెప్పింది మిరపకాయ. పని పోతుందనీ, కాయితాలు వద్దనీ ఇన్నాళ్ళూ వెనక్కి లాగిన అక్క, "మీ ఇంటి చేతులే అంత" అన్న మాట దగ్గర తలెత్తింది.

"నిన్నూ అన్నాడా?"

"అన్నాడు."

"ఎప్పుడొస్తోంది ఆవిడ?"

"ఎల్లుండి."

"సెలవు పెడతాను," అంది అక్క. "నువ్వు కాదు. నేను చేస్తాను."

"గుర్తుందా అక్కా అంతా?" అనబోయి మిరపకాయ ఊరుకుని, పెద్దావిడకు ఫోన్ చేసి అక్కనీ రమ్మనిపించింది.

ఆ రోజు పొద్దున్నే లాబ్‌లోకి అక్క వచ్చింది. గుమ్మంలో ఒక్క క్షణం ఆగింది. తర్వాత తిన్నగా తన పాత బల్ల దగ్గరికి పోయి, కుర్చీ ఎత్తు సరిచేసుకుని కూర్చుంది. ప్రొఫెసరు "ఎవరు రమ్మన్నారు ఈవిడని?" అన్నాడు. "నేను," అంది పెద్దావిడ. చిన్న మనిషి, ఊలు స్వెట్టరు రెండు తొడుక్కుని, కోల్డ్‌రూమ్‌లోకి తనకో స్టూలు వేయించుకుని మరీ కూర్చుంది.

అక్క పని మొదలుపెట్టింది. మిరపకాయ ఆమెకు కావలసినవి అందించింది, అంతకుమించి వేలు పెట్టలేదు. ఒక ట్యూబులో మామూలు కణాలు, ఇంకోదాంట్లో రిసెప్టర్ లేనివి. మెత్తటి సబ్బు పోసి, ట్యూబును రెండు వేళ్ళ మధ్య మెల్లగా తిప్పుతుంటే, పగిలిన కణుపులు తొడుగులోంచి కూడా ఎర్రగా కనిపిస్తున్నాయి. వేళ్ళు మాత్రం వణకలేదు. రోజంతా పసివాళ్ళ సన్నటి నరాలు వెతికి సూది పెట్టే చేతులవి. పూసలు వేసింది, అయస్కాంతానికి ఆనించింది, నీళ్ళు లాగింది, పోసింది, మళ్ళీ లాగింది. తొందర లేదు. కోపం ఎక్కడ దాచుకుందో గానీ చేతుల్లోకి మాత్రం రానివ్వలేదు.

ఇక మరగబెట్టబోతుంటే ప్రొఫెసరు ఉండబట్టలేకపోయాడు.

"అలా వదిలేస్తే ఎలా? ఘాటుదాంతో ఒకసారి కడగాలి. అంతా మురికి."

అక్క తలెత్తి చూసింది. ఆ లాబ్‌లో ఆ రోజు ఆయనతో ఆమె మొదట మాట్లాడింది అప్పుడే.

"సగం మీరు కడగండి సార్."

మామూలు కణాల పూసలను రెండు ట్యూబుల్లో సమంగా పంచి, ఒకటి ఆయన ముందు పెట్టింది. వద్దంటే పెద్దావిడ ముందు పరువు పోతుంది, కడిగితే ఏం పోతుందో ఆయనకింకా తెలియదు. మింగమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ప్రొఫెసరు చొక్కా చేతులు మడిచి, ఘాటు సబ్బు తీసుకుని, దర్జాగా కడిగాడు. బాగా కడిగాడు కూడా, ఆ మాట ఒప్పుకోవాలి. మూడింటినీ ఒకే జెల్‌లో పక్కపక్కనే పరిగెత్తించారు.

మధ్యాహ్నం దాటాక రంగు ఎక్కడం మొదలైంది. నలుగురూ ఆ పళ్ళెం చుట్టూ మూగారు. ముందు లావు గీతలు తేలాయి, ఆయన వరసలో ఒకటి, అక్క వరసలో ఒకటి. ప్రొఫెసరు వరస మచ్చలేని తెలుపు. అక్క వరసలో అక్కడక్కడా నలుసులు. ఆయన పెదవి విరవబోయాడు. అంతలో అన్నీ ఎక్కాక, ఇక లేదులే అనుకున్నాక, అక్క వరసలో ఒక్కదాంట్లోనే, లావు గీతకు గోరంత కింద, సన్నగా నీలం పట్టింది. చూస్తుండగానే ముదిరింది. రిసెప్టర్ లేని కణాల వరసలో ఆ జాగా ఖాళీ.

పెద్దావిడ భూతద్దం పెట్టి మూడు వరసలూ చూసింది. ఆ తర్వాత ప్రొఫెసరు వైపు తిరిగింది.

"ఏమయ్యా. ఇన్నేళ్ళూ ఈ గీతనేనా సింకులో పోశావు?"

ప్రొఫెసరు గొంతు సవరించుకున్నాడు. "అంటే మేడమ్, మా లాబ్‌లో ఎప్పట్నించో దీని మీద అనుమానం..."

"లాబ్‌కి కళ్ళుండవు. మనుషులకుంటాయి. మొదట చూసిందెవరు?"

ఆయన మిరపకాయ వైపు చూశాడు, పళ్ళెం వైపు చూశాడు. పెద్దావిడ కదల్లేదు.

"ఈ అమ్మాయే," అన్నాడు చివరికి, అక్క వైపు చెయ్యి చూపించి. "నా దగ్గరే చదివింది. నా స్టూడెంటే. ఏళ్ళ తరబడి నా చేతికిందే పనిచేసింది."

"మంచిది. అయితే ముందు ఉండాల్సింది ఆమె పేరు. ఏం పేరు?"

ప్రొఫెసరు నోరు తెరిచాడు.

తెరిచిన నోరు అలాగే ఉంది. కళ్ళు అక్క ముఖం మీద అటూ ఇటూ వెతికాయి, అక్కడెక్కడైనా రాసి ఉంటుందేమోనన్నట్టు. "అదే... ఈ అమ్మాయి..." అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. మిరపకాయ వైపు చూశాడు, అందిస్తుందేమోనని. అందించడానికి నాలుక చివరే ఉంది. పుట్టినప్పట్నుంచీ నోరు మూసుకోవడం తెలియని మిరపకాయ నోరు మూసుకుని నిలబడింది. అయస్కాంతాల పెట్టె మీద ఎవరి టైమరో మోగి మోగి ఆగిపోయింది. ఆయనకు తెలియదు. ఆమె జీవితాన్ని ఒక్క మాటతో చెరిపేసినవాడికి ఆమె పేరు కూడా తెలియదు.

అక్క చేతి తొడుగులు ఒకటొకటిగా విప్పి బుట్టలో వేసింది. తన పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా, విడివిడిగా, రక్తం గొట్టం మీద చీటీ అంటించేటప్పుడు చదివినంత స్పష్టంగా చెప్పింది.

"ఇప్పుడు మీరు చెప్పండి సార్."

ప్రొఫెసరు ఏదో గొణిగాడు.

"ఇంటిపేరు మింగేశారు," అంది అక్క. "మొత్తం చెప్పండి."

ఆయన చెప్పాడు.